ఊరి తీరాన్ని చిత్రించిన కుంచె: దామెర్ల రామారావు

పుట్టిన గడ్డ సౌందర్యం అక్కడే పుట్టి పెరిగిన వారి కంటికి చాలాకాలం కనబడదు. అనుదినం చూచేది కావడం చేతనే అది చూపునకు దూరమవుతుంది. పూర్వులు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్ సరస్సు చెంత నివసించే మనకు ఈ మాట ప్రత్యేకంగా వర్తిస్తుంది. దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలుకకు తరువాత ఇంత పెద్దది మరొకటి లేదు. శ్రీహరికోట దీవి ఒక పొడవాటి అడ్డుగోడవలె నిలిచి ఈ నీటిని బంగాళాఖాతం నుండి వేరు చేస్తున్నది. శీతకాలంలో రాజహంసలని పిలుచుకునే ఫ్లెమింగోలు వేల సంఖ్యలో ఇక్కడి పలుచని నీటిలో దిగుతాయి. నేలపట్టు కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. దూరదేశాల వారు వాటిని చూడటానికి వస్తారు. మనం బస్సు కిటికీ నుండి ఒకసారి చూచి తల తిప్పుకుంటాము.

ఇంకొక విషయం ఆలోచింపదగినది. పదిహేడవ శతాబ్దిలో డచ్చి వర్తకులు పులికాట్ రేవులో గెల్డ్రియా కోటను కట్టుకొని, ఆ కోటనూ, తీరాన్నీ చిత్రాలుగా గీయించుకొని తమ దేశంలో ముద్రించుకున్నారు. ఇక్కడి నుండి ఓడలకెక్కిన అద్దకపు వస్త్రాలు తూర్పు దీవులలో పేరెన్నికగన్నాయి. సమీపంలోని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వెదురు కలంతో పురాణగాథలను బట్టపై నిలిపారు. గీత గీయగల చేయి ఈ ప్రాంతానికి కొత్త గాదు. అయినా తన ఊరి నీటిని, తన ఊరి ఒడ్డును, తన ఊరి పడవను చిత్రానికి వస్తువుగా స్వీకరించే దృష్టి తెలుగు నేలపై ఆధునిక కాలంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దృష్టిని మనకు ప్రసాదించిన వారిలో అగ్రగణ్యుడు దామెర్ల రామారావు. ఆయనది గోదావరి తీరం. మనది పులికాట్ తీరం. నీరు వేరైనా నేర్వవలసిన పాఠం ఒకటే గనుక ఆ మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో మా విద్యార్థుల ముందు ఉంచదలచాము.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆ సంవత్సరమే ఆ ఊరి వద్ద గోదావరిపై మొదటి రైలు వంతెన నిర్మాణం ఆరంభమైంది. 1900లో, బాలునికి మూడేళ్లు నిండిన పిమ్మట, 56 అంతరాలు గల ఆ వంతెన మీదుగా రైళ్లు నడిచాయి. పట్టణానికి కొద్ది దూరంలో ధవళేశ్వరం వద్ద, కాటన్ దొర ఆధ్వర్యాన 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట నదిని పొలాలకు మళ్లించింది. ఎగువన పాపికొండలు, దిగువన లంకలు, ఆ పైన పాయలుగా చీలి సముద్రంలో కలిసే గౌతమి, వశిష్ఠలు. స్నానఘట్టాలు, తెరచాప పడవలు, కలప తెప్పలు. ఇట్టి పరిసరాలలో ఒక బాలుడు పెరిగాడు. ఆ వయసు పిల్లలందరూ ఆ దృశ్యాలనే చూచారు. ఈ బాలుడు మాత్రం చూచినదానిని గీశాడు.

ఆనాటి తెలుగు దేశంలో చిత్రకళ పరిస్థితి ఎట్టిదో కొంచెం తెలుసుకోవాలి. దేవాలయ కుడ్యచిత్రాల పరంపర క్షీణించింది. రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు ఇంటింటి గోడలకెక్కాయి. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు నాయకత్వాన నూతన భారతీయ చిత్రకళోద్యమం తల ఎత్తింది. బొంబాయిలోనూ, మద్రాసులోనూ ప్రభుత్వ కళాశాలలు పాశ్చాత్య పద్ధతిలో శిక్షణనిస్తున్నాయి. ఆంధ్రులకు తమదని చెప్పుకోదగిన ఆధునిక చిత్రకళా సంప్రదాయం ఇంకా రూపుదిద్దుకోలేదు. చిత్రలేఖనం వృత్తిగా స్వీకరిస్తానని కుర్రవాడు చెబితే పెద్దలు హర్షించే రోజులు కావవి. తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగానికి ఉన్న గౌరవం కుంచెకు లేదు.

ఈ దశలో రామారావు జీవితంలోకి ఒక ఆంగ్లేయుడు ప్రవేశించాడు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు, రచయిత. గోదావరి ప్రాంతాన్ని ప్రేమించినవాడు. ఆయన చుట్టూ కళాభిరుచి గల యువకులు చేరారు. అనంతర కాలంలో కవిగా, నవలాకారునిగా, చిత్రకారునిగా కీర్తి గడించిన అడివి బాపిరాజు వారిలో ఒకరు. కవికొండల వెంకటరావు మరొకరు. కూల్డ్రే దొర రామారావులోని ప్రతిభను గుర్తించి, ప్రోత్సహించి, దారి చూపారు. పాలకజాతికి చెందిన ఒక ప్రిన్సిపాల్ ఒక స్థానిక బాలునిలో తనకంటె గొప్ప చిత్రకారుని చూడగలగడం సామాన్యమైన విషయం కాదు. ఉపాధ్యాయుని ధర్మం విద్యార్థిని తనవంటివానిగా తీర్చడంలో కాక, విద్యార్థిలో ఉన్నదానిని బయటకు తేవడంలో ఉన్నదని ఆయన ఆచరణలో చూపారు. కళాశాలలో పనిచేసే మాకు ఈ ఘట్టం రామారావు చిత్రాలంతగానే ప్రియమైనది.

కూల్డ్రే దొర చొరవతో 1916లో రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు. అప్పుడు అక్కడి అధ్యక్షుడు సెసిల్ బర్న్స్. ఆ కళాశాల శిక్షణ కఠినమైనది. పాశ్చాత్య శిల్పాల నమూనాలను చూచి గీయడం, మానవ శరీర నిర్మాణాన్ని అభ్యసించడం, తైలవర్ణాల ప్రయోగం, వెలుగునీడల లెక్క, ఇవన్నీ క్రమపద్ధతిలో నేర్చుకోవాలి. రామారావు ఆ విద్యను క్షుణ్ణంగా అభ్యసించి 1920లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. అజంతా, ఎల్లోరా గుహలలోని చిత్ర శిల్పాలను కూడ ఆయన శ్రద్ధతో పరిశీలించారు. ఒకవైపు పాశ్చాత్యుల కొలత, మరొకవైపు అజంతా రేఖ. ఈ రెండింటిలో దేనికీ దాసుడు గాకుండా రెండింటినీ తన అవసరానికి వాడుకోవడమే ఆయన సాధన. చదువు ముగిసిన తరువాత గుజరాతు, కాఠియవాడ ప్రాంతాలలో పర్యటించి అక్కడి జనులను, వారి వేషభాషలను పరిశీలించి చిత్రాలు గీశారు.

ఇక్కడ ఆయన జీవితంలో ముఖ్యమైన మలుపు వచ్చింది. బొంబాయి మహానగరం. చిత్రాలు కొనే ధనికులు, పత్రికలు, ప్రదర్శనశాలలు, సంస్థానాధీశుల ఆదరణ, అన్నీ అక్కడనే లభ్యమవుతాయి. ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడైన యువకుడు అక్కడ నిలదొక్కుకోవడం కష్టం కాదు. కలకత్తాకు వెళ్లినా ఆదరించే గురువులు ఉన్నారు. రామారావు రాజమహేంద్రవరానికి తిరిగి వచ్చారు. ఆ పట్టణంలో చిత్రాల విపణి లేదు. విమర్శకులు లేరు. ఉన్నవి గోదావరి, మిత్రులు, ఏదో చేయాలనే తపన. ఆయన చేసిన ఈ ఎంపికకు లభించిన ఫలమేమిటో, చెల్లించిన మూల్యమేమిటో గ్రహించినప్పుడే ఆ జీవితం మనకు పూర్తిగా అర్థమవుతుంది.

ఫలాన్ని మొదట చెప్పుకుందాం. ఇంటికి వచ్చిన రామారావు చుట్టుపట్ల ప్రకృతిని విరివిగా చిత్రించారు. గోదావరి ఒడ్డు, తూర్పు కనుమల కొండవరుసలు, చెట్లు, పడవలు, పల్లె ముంగిళ్లు ఆయన నీటిరంగులకు వస్తువులైనాయి. జేబులో పట్టే చిన్న పుస్తకాలను వెంట ఉంచుకొని, నడిచిన చోటనల్లా పెన్సిలుతో గీసుకొనేవారు. అటువంటి పుస్తకాలు 28 మిగిలాయంటే ఆ అభ్యాసం ఎంత నిరంతరమో ఊహించవచ్చు. ఐదేళ్లు నిండని స్వతంత్ర కళాజీవితంలో ఒక చేయి ఎన్ని దినాలు విశ్రాంతి ఎరుగదో ఆ పుస్తకాలే చెబుతాయి.

నీటిరంగులతో తీరదృశ్యాన్ని గీయడం ఎంత కష్టమో చిత్రకళతో పరిచయం లేనివారికి తెలియదు. తైలవర్ణంలో పొరపాటును చెరిపి మరల వేయవచ్చు. నీటిరంగులో ఆ అవకాశం స్వల్పం. తెలుపు కావలసిన చోట కాగితాన్నే ఖాళీగా వదలాలి. నీటిపై ఎండ మెరుపును రంగు వేసి తేలేము. రంగు వేయకుండా విడిచి తేవాలి. మన ఎండలలో కాగితం తడి క్షణాలలో ఆరిపోతుంది. ఆకాశం రంగు ఆరేలోగా కొండ రంగును దానికి తగిలించాలి, లేకున్న అంచు గట్టిపడుతుంది. ఈలోగా మబ్బు కదులుతుంది, పడవ సాగిపోతుంది. కనుక చిత్రకారుడు కుంచె పట్టకముందే దృశ్యాన్ని మనసులో స్థిరపరచుకోవాలి. అందుకు ఒక్కటే మార్గం: ఆ స్థలాన్ని పదేపదే, వేళవేళా చూచి ఉండటం. అతిథిగా వచ్చినవానికి ఇది సాధ్యపడదు. అక్కడివానికే సాధ్యం. రామారావు ఇంటికి తిరిగిరావడానికీ, ఆయన చిత్రాల నాణ్యతకూ గల సంబంధం ఇదేనని మా అభిప్రాయం.

ప్రకృతి దృశ్యాలతో ఆయన ఆగలేదు. తీరాన్ని గీసి గీసి సాధించిన రేఖా సౌకుమార్యాన్ని, వర్ణ మేళనాన్ని పౌరాణిక చిత్రాలలోనూ, జనజీవన చిత్రాలలోనూ వినియోగించారు. ఋష్యశృంగ బంధనం, సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకారం, నంది పూజ మొదలైనవి ఆయన ప్రసిద్ధ చిత్రాలు. వాటిలోని స్త్రీమూర్తుల కట్టుబొట్టు, నిలుకడ, సిగముడి తెలుగు నేలకు చెందినవి. వంగదేశీయుల పొగమంచు వంటి రంగులకూ, రవివర్మ నాటకీయతకూ దూరంగా, స్పష్టమైన రేఖతో, శాంతమైన రంగుతో ఆయన ఒక తెలుగు మార్గాన్ని ఏర్పరచారు. 1922లో కలకత్తాలో జరిగిన చిత్రకళా ప్రదర్శనంలో ఋష్యశృంగ బంధనానికి బహుమానం లభించింది. అప్పటి వైస్రాయ్ రీడింగు ప్రభువు దృష్టిని ఆకర్షించింది మాత్రం రామారావు గీసిన ఒక గోదావరి దృశ్యం. ఇంటిముందరి నది రాజప్రతినిధి కంటిని నిలిపింది. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనంలో కూడ ఆయన చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి.

అదే కాలంలో ఆయన రాజమహేంద్రవరంలో ఒక చిత్రకళాశాలను నెలకొల్పారు. మిత్రుడు వరదా వెంకటరత్నం కుడిభుజంగా నిలిచారు. అక్కడ శిక్షణ పొందిన యువకులు ఒకరి తరువాత ఒకరు చిత్రకారులుగా పైకి వచ్చారు. రామారావు సతీమణి సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రాలు గీశారు. ఇంటి ఆడవారు చదువుకొనడమే వింతగా తోచిన రోజులలో ఒకే కుటుంబంలోని ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం విశేషం. తనకు తెలిసిన విద్యను ఆయన గడప లోపల కూడ పంచారనడానికి ఇది నిదర్శనం. మా కళాశాలలో చదువుకుంటున్న సోదరీమణులు ఈ విషయాన్ని గమనించాలని కోరుతున్నాము.

ఇంతలో విధి అడ్డుపడింది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వ్యాధితో రామారావు కన్నుమూశారు. 28 ఏళ్లు నిండటానికి ఇంకా ఒక నెల ఉన్నది. మశూచికి టీకా కనుగొనబడి అప్పటికి శతాబ్దం దాటింది. అయినా ఆ మహమ్మారి మన పల్లెలలో, పట్టణాలలో ప్రతి ఏటా ప్రాణాలను హరిస్తూనే ఉన్నది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి భూమిపై నుండి తొలగిపోయినదని ప్రకటించింది. ఆ ప్రకటన వెనుక ఉన్న లెక్కలలో ఇటువంటి నష్టాలు ఎన్ని దాగి ఉన్నాయో ఎవరు చెప్పగలరు? చిత్రకారునికి 28 ఏళ్లు ఆరంభ దశ. చేయి స్వాధీనమై, మనసు పక్వమై, అసలైన పని మొదలుపెట్టే వేళ అది. ఆ వేళకే ఆయన పని ముగిసిపోయింది.

వారు నెలకొల్పిన సంస్థ వారితో అంతరించలేదు. వరదా వెంకటరత్నం ఆ భారాన్ని భుజాన వేసుకొని పాఠశాలను నడిపారు. కుటుంబమూ, మిత్రులూ చిత్రాలను చెదరనీయక కాపాడారు. కాలక్రమాన ఆ సేకరణకు రాజమహేంద్రవరంలోనే దామెర్ల రామారావు స్మారక చిత్రశాల ఏర్పడి, ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగు చిత్రాలు, 250కి పైగా రేఖాచిత్రాలు ఆయన మిగిల్చిన ఆస్తి. ఆరోగ్యకారణాల వల్ల అప్పటికే స్వదేశం చేరిన కూల్డ్రే దొర 1924లో తన దక్షిణదేశ జ్ఞాపకాలను గ్రంథంగా ప్రకటించారు. ఆ మరుసటి ఏడే శిష్యుని మరణవార్త ఆయన వినవలసి వచ్చింది.

ఇప్పుడు మూల్యం సంగతి. ఆధునిక భారతీయ చిత్రకళా చరిత్రలు తెరిస్తే వంగ చిత్రకారులకు అధ్యాయాలు, బొంబాయి చిత్రకారులకు పుటలు కనిపిస్తాయి. రామారావుకు తరచు కొన్ని పంక్తులే దక్కుతాయి. అల్పాయుష్షు దానికి ఒక కారణం. ఆయన చిత్రాలలో అధికభాగం ఒకే ఊరిలో ఉండిపోవడం మరొక కారణం. పెద్ద నగరాల చిత్రశాలలకు చేరని చిత్రాన్ని విమర్శకుడు చూడడు. చూడనిదానిని గూర్చి వ్రాయడు. ఊరిని ఎన్నుకొన్నందుకు ఊరివెలుపలి కీర్తిలో కొంత ఆయన వదులుకోవలసి వచ్చింది. దీనిని మేము దాచిపెట్టదలచుకోలేదు. ఇంటికి తిరిగిరండని యువకులకు చెప్పే పెద్దలు ఆ మార్గంలో ఎదురయ్యే నష్టాన్ని కూడ చెప్పడం న్యాయం.

అయితే త్రాసు రెండవ తక్కెడలో ఏమున్నదో కూడ చూడాలి. రామారావు బొంబాయిలో ఉండిపోయిన పక్షంలో ఆ నగరానికి మరొక మంచి చిత్రకారుడు లభించేవాడు. ఆయన తిరిగి రావడం వల్ల ఒక జాతికి చిత్రకళా సంప్రదాయం లభించింది. ఒక పాఠశాల, ఒక శిష్యవర్గం, ఒక చిత్రశాల, ఒక చూపు లభించాయి. గోదావరిని చూచే తెలుగువాని కంటికి అది స్నానానికీ, సేద్యానికీ మాత్రమే గాక చిత్రానికీ పనికివచ్చే నీరని తెలిసింది. అంతేగాక ఆయన చిత్రించిన తీరం ఆ రూపాన ఇప్పుడు లేదు. తెరచాప పడవల రాకపోకలు సన్నగిల్లాయి. ఆయన పుట్టిననాడు మొదలైన వంతెన 1997లో రైళ్లకు సెలవు చెప్పింది. దాని పక్కన కొత్త వంతెనలు లేచాయి. శతాబ్దం క్రితపు గోదావరిని ఒక తెలుగువాడు ప్రేమతో ఎట్లా చూచాడో తెలుసుకోవడానికి ఆ కాగితాలు మనకు ఆధారమైనాయి.

ఇక మన తీరం మాట. పులికాట్ సరస్సు కూడ ఉన్నట్లు ఉండటం లేదు. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకమేట వేస్తున్నాయి. ముఖద్వారం పూడితే పోటునీరు లోనికి రాదు. నీరు రానినాడు చేప, రొయ్య తగ్గుతాయి. వేటపై బ్రతికే కుటుంబాలు కష్టపడతాయి. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వేసిన రహదారి నీటిని రెండుగా చీల్చింది. ఆ రహదారి చివరనే ఆకాశంలోకి రాకెట్లు ఎగిరే కేంద్రం ఉన్నది. ఒకే చూపులో వలవేసే పడవ, ఒంటికాలిపై నిలిచిన రాజహంస, ప్రయోగవేదిక కనిపించే చోటు ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నది? దీనిని ఛాయాచిత్రాలు తీసుకొని పోయే యాత్రికులు అనేకులు. ఏ నెలలో నీరు ఏ రంగులో ఉంటుందో, ఏ గాలికి పడవ ఏ వైపు ఒరుగుతుందో ఎరిగినవాడు ఇక్కడ పుట్టినవాడే. ఆ ఎరుకను కాగితంపై పెట్టవలసిన బాధ్యత కూడ వానిదే.

అందరమూ రామారావులము కాలేము. ఆయన ప్రతిభ అరుదైనది, ఆయన గురువు అరుదైనవాడు. కాని ఆయన అలవాటు అరుదైనది కానక్కరలేదు. జేబులో పట్టే పుస్తకమూ, ఒక పెన్సిలూ కొనలేని విద్యార్థి మా కళాశాలలో లేడు. ఉర్దూ చదివే విద్యార్థి అయినా, తెలుగు చదివే విద్యార్థి అయినా గీతకు అనువాదం అవసరం లేదు. తడ రేవులో ఒడ్డుకు లాగిన పడవను, అటకానితిప్ప ఎండలో ఆరుతున్న వలను, గట్టు మీది తాటిచెట్టును నెలకొకసారి గీసినా చదువు ముగిసేనాటికి ఒక పుస్తకం నిండుతుంది. రాబోయే సంచికలలో అటువంటి రేఖాచిత్రాలకు స్థలం కేటాయించాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాము. దామెర్ల వారికి తీరవాసులమైన మనం సమర్పించగల నివాళి అదే.